ఇరవై ఏడో ఊయలలో నా చెయ్యి

నా కుడిచేతిని కరిగించమని మీరు సంతకం పెట్టారు. దానికి ఇంకా గోళ్లయినా రాలేదు. మొదటి వరుసలో ‘పనికిరాని మొలక’ అని రాశారు. రెండో వరుసలో, శాల మనిషి దాలమ్మ మూఢనమ్మకం వల్ల అది చెడిందనీ, ఇకమీదట ఆమె మొలకశాల గడప తొక్కరాదనీ రాశారు. మొదటి వరుస తప్పు. రెండో వరుస అబద్ధం. ఆ అబద్ధం మీరు పుట్టించింది కాదు, మీకు దొరికింది. అనువుగా ఉందని తీసుకున్నారు.

నేను పోలమ్మను. నీళ్ల మీద తేలే మన లంగరుపేటలో, పోయిన అవయవాలను మళ్లీ పెంచే మొలకశాలలో ఊడ్చి కడిగే పని నాది. ఎనిమిది నెలల కిందట లంగరు తాడు చుట్టే చక్రం నా కుడిచేతిని మణికట్టు దాకా తినేసింది. ‘మనిషికి ఒక్క మొలక’ అన్నది మీ నియమం. నాకొచ్చిన ఆ ఒక్కటీ ఇరవై ఏడో ఊయలలో ఉంది. అది కరిగితే ఈ జన్మకు నాకు కుడిచెయ్యి లేదు.

ఎడంచేత్తో రాసుకున్న నా రోజువారీ పుస్తకంలోని పేజీలు కింద పెడుతున్నాను. నాకే చేటు తెచ్చే మాటలు కూడా అలాగే ఉంచాను. నిర్వహణ మండలిలో ఉన్నవాళ్లందరూ చదవాలి. ఒకరు చదివి మిగతావాళ్లకు చెప్పడం కుదరదు.

మొదటి రోజు

మోచేతి దగ్గర గోకి ఆవగింజంత చర్మం తీశారు. ఇరవై రెండేళ్లుగా ఎండకూ ఉప్పుగాలికీ కాలిన చర్మం అది. దాన్ని మరుపునీళ్లలో వేశారు. రేపటికల్లా తాను చర్మమన్న సంగతి దానికి గుర్తుండదట.

“మరిసిపోతే మరి సెయ్యెలా అవుతాదప్పా?” అని దాలమ్మప్పను అడిగాను. ముప్ఫై ఏళ్లుగా మొలకలు పెంచుతున్న మనిషి, శాలలో అందరికీ అప్ప, అంటే అక్క. ఆమెకు చదువు రాదు, కణాల రంగు చూసి వయసు చెబుతుంది.

“ఒలే పోలీ, మనూళ్లో ఇంటింటికీ పోపులపెట్టి ఉందా నేదా? అందరి పెట్టిలోనూ అయ్యే ఆవాలు, అయ్యే మెంతులు. మరి ఒకింట్లో పులుసు, ఒకింట్లో ఏపుడు ఎందుకవుతంది? ఏ మూత తీసినారు, ఏ మూత మూసినారు, అదే కతంతా. నీ కంట్లో కణానికీ, నీ మడమ కణానికీ పెట్టి ఒకటేనే.”

“మూతలు ఎవరు మూస్తారు?”

“పక్కోలు. పక్కోల మాట ఇనకుండా ఎవరు బతికినారు ఈ లోకంలో? నువ్వు తప్ప.”

నవ్వేసి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ ఆవగింజను చూస్తూ కూర్చున్నాను. అందులో నా కళ్లు ఉన్నాయి, నా గుండె ఉంది, నేను పుట్టకముందటి నేను కూడా ఉన్నాను. అన్నీ మూతల కింద ఉన్నాయి.

మూడో రోజు

ఇప్పుడది బుడగ. కణాలన్నీ ఒకటే రకం, ఏదైనా కాగలవు. శాలలో కిటికీలకు నల్లరంగు వేసి ఉంటుంది, ఎండ పడితే మొలకలు వాడిపోతాయి. ఆ చీకట్లో బుడగ తనంతట తాను ఊపిరి పీల్చుకుంటున్నట్టు మెల్లగా ఉబ్బుతోంది.

కింద సముద్రం కదిలినప్పుడల్లా పేటంతా లంగరు చుట్టూ తిరుగుతుంది. పొద్దున నా గుమ్మం ఎదురుగా కనిపించిన మునిగిపోయిన పాత ఊరి టవరు కొన, మధ్యాహ్నానికి వంటగది వైపు వచ్చింది. దాని మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఇక్కడ ఏ గోడా ఏ దిక్కుదీ కాదు. అందుకే శాల గుమ్మానికి దిక్సూచి వేలాడదీశారు. పొద్దున్నే మా మొదటి పని దాన్ని చూడటం. ఏ ఊయల తల ఉత్తరానికి తిరిగి ఉంటే దాన్ని అటుదిటు తిప్పడం రెండో పని. మూడోది టీ.

ఊయల అంటే గాజు పళ్లెం. వేళ్లు వచ్చే వైపును మేము తల అంటాం. ఉత్తరం తలగా పడుకోబెట్టేది శవాన్నే కదా. మొలకను పడుకోబెట్టకూడదని మా వాళ్ల పట్టింపు. మీకు నవ్వొస్తుంది, తెలుసు. నాకూ వచ్చేది. కానీ మందుచుక్కల సీసా ఊయల పిడికే కట్టి ఉంటుంది. ఊయల ఎటు తిరిగితే సీసా అటే తిరుగుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ తిప్పుడు వల్ల ఒక్క మొలకా చెడలేదు.

నా ఊయలను నేను ముట్టుకోకూడదు. ‘తన మొలకను తాను తాకినవారు దానిపై హక్కు కోల్పోతారు.’ గోడ మీద రాసి ఉంది. ప్రేమతో పాడుచేస్తారట. అందుకే దాన్ని దాలమ్మప్పే తిప్పుతుంది, నేను చేతిని జేబులో పెట్టుకుని చూస్తాను.

ఐదో రోజు

మొలక గరిటె ఆకారంలోకి వచ్చింది. పగలు సరిగ్గా పదకొండు గంటలకు చుక్కలు మొదలుపెట్టారు.

చుక్క మొలకకు ఒక పక్కనే పడుతుంది. పడిన చోట చిక్కగా ఉంటుంది, దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. దగ్గరున్న కణాలు చుక్క చెప్పే మాటను గట్టిగా వింటాయి, ఒక రకం మూతలు తెరుస్తాయి, చిటికెనవేలు అవుతాయి. కాస్త దూరంలో వినేవి ఉంగరపు వేలు. ఇంకాస్త దూరంలో నడిమి వేలు. చూపుడు వేలికి గుసగుస మాత్రమే అందుతుంది. బొటనవేలికి అదీ అందదు. ఆ మాట చెవిన పడనందువల్లే అది బొటనవేలవుతుంది.

ఇది నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. చెత్తబుట్టలో దొరికిన శాల మరమ్మతు పుస్తకం సగం ముక్క చదివి, మిగతా సగం భూతద్దంలో చూసి నేర్చుకున్నాను.

మాట విన్న కణాలు పసుపురంగులో వెలుగుతాయి. ఇవాళ మొలక ఒక అంచు మొత్తం పసుపు. రెండో అంచు నల్లగా, నిద్రలో ఉన్నట్టు ఉంది.

ఏడో రోజు

కల వచ్చింది. నీటి కింద ఉన్న ఊళ్లో నడుస్తున్నాను. తలుపులన్నీ ఒకే రకం. ప్రతి తలుపు వెనకా ఎవరో నా గొంతుతోనే ‘ఎవరు?’ అంటున్నారు. కొట్టడానికి నాకు చెయ్యి లేదు.

లేచి శాలకు వెళ్లేసరికి గోడకు కొత్త గొట్టాలు బిగించి ఉన్నాయి. సీసాలు తీసేశారు. ఇకనుంచి చుక్కలు గోడలోంచి వస్తాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు. బోర్డు మీద కాగితం లేదు. మా సూపర్‌వైజరు భుజంగరావు కొత్త గొట్టాల ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

దాలమ్మప్ప సాయంత్రం పడవకు కోడలి పురుడు పోయడానికి ఎర్రదీవికి వెళ్లింది, మూడు రోజుల్లో వస్తానంది.

ఎనిమిదో రోజు

ఇది ఎవరికీ చెప్పను.

పొద్దున దిక్సూచి చూశాను. ఇరవై ఏడో ఊయల తల నిక్కచ్చిగా ఉత్తరానికి ఉంది. అప్ప లేదు. మిగతా ఊయలలన్నీ చర్మం పట్టీలు, వాటికి తలా తోకా లేవు. శాలలో తల ఉన్నది నా చెయ్యి ఒక్కటే. అది శవంలా పడుకుని ఉంది.

నేనివేవీ నమ్మను. దిష్టి తీస్తానని అమ్మ వస్తే పళ్లెం విసిరేసిన మనిషిని. కానీ నమ్మకం తల్లో ఉంటుంది, అక్కడ పడుకున్నది చెయ్యి. గది ఖాళీ అయ్యేదాకా ఆగి, ఎడంచేత్తో పళ్లెం అంచు పట్టుకుని, నెమ్మదిగా అటుదిటు తిప్పాను. గాజు చల్లగా ఉంది. లోపల నీళ్లు ఒక్కసారి ఊగి సర్దుకున్నాయి. మొలక కొంచెం వణికింది, నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు.

ఇద్దరం ఒకరినొకరం తాకడం అదే మొదలు. రోజంతా నా లేని వేళ్లు వెచ్చగా ఉన్నాయి.

పదో రోజు

రెండు అంచులూ పసుపు.

మూడుసార్లు కళ్లు తుడుచుకుని చూశాను. నల్లగా ఉండాల్సిన బొటనవేలి అంచు కూడా వెలుగుతోంది. సన్నగా, కానీ వెలుగుతోంది. నేను తిప్పాను. గొట్టం మాత్రం గోడకే ఉంది, అది తిరగలేదు. రెండు రోజులుగా చుక్కలు అవతలి అంచు మీద పడుతున్నాయి.

తిరిగి తిప్పేద్దామంటే గది ఖాళీగా లేదు. పరుగెత్తుకెళ్లి భుజంగరావుకు చెప్పాను. తిప్పిన సంగతి చెప్పలేదు. రంగు తేడాగా ఉందన్నాను.

“చూడమ్మా, గొట్టం పనిచేస్తోందా? చేస్తోంది. చుక్కల లెక్క సరిపోయిందా? సరిపోయింది. ఇంకేం కావాలి నీకు?”

“ఒకసారి వచ్చి చూడండి సార్.”

“చీపురు పట్టుకునేవాళ్లంతా భూతద్దం పట్టుకుంటే, మరి భూతద్దం పట్టుకునేవాళ్లం మేమేం పట్టుకోవాలి?” తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

మధ్యాహ్నం ఫిట్టరు గవరయ్య మామ రెంచీ పట్టుకుని వచ్చాడు. పక్క శాలలో ఎవరో ఊయల తిప్పితే గొట్టం ఊడొచ్చిందట, అన్ని ఊయలలనూ బల్లలకు బిగించేయమని ఆర్డరట. నాదాన్ని ఉన్నది ఉన్నట్టు నాలుగు బోల్టులతో బిగించి, పైన ఇనుప పట్టీ వేసి తాళం పెట్టాడు.

“మామా, అది తిరగబడి ఉంది. తిన్నగా పెట్టి బిగించు.”

“నాకు బిగించమన్నారే గుంటా, బిగించినాను. ఎటేపు బిగించాలో సెప్పనేదు.”

“చెప్పకపోతే అడగవా?”

“అడిగితే ఇంకో పని సెప్తారు.”

తాళంచెవి తీసుకెళ్లి భుజంగరావు బల్ల మీద పెట్టాడు.

పదకొండో రోజు

చివరికి భుజంగరావు వచ్చి చూశాడు, పై నుంచి ఎవరో వస్తున్నారని తెలిసి. మొలక అంచున ఎనిమిది బుడిపెలు. చిటికెన, ఉంగరపు, నడిమి, చూపుడు. మళ్లీ చూపుడు, నడిమి, ఉంగరపు, చిటికెన. ఒక చెయ్యి అద్దంలోకి సగం దిగి అక్కడే ఆగిపోయినట్టుంది. బొటనవేలు లేదు. మాట వినకుండా ఉండగలిగిన చోటు ఎక్కడా మిగల్లేదు.

అంత అందమైన భయంకరాన్ని నేనెప్పుడూ చూడలేదు.

“ఎవరు తిప్పారు దీన్ని?”

అప్పుడే పడవ దిగి వచ్చిన దాలమ్మప్ప గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పురిటింటి మిఠాయి పొట్లం. ఊయలను చూసింది. గొట్టాన్ని చూసింది. తరవాత నన్ను చూసింది.

“నానే బాబూ. ఊరెల్లే ముందు తిప్పీసినాను. ఉత్తరం తల కదా అని.”

నేను నోరు తెరవలేదు. తెరిస్తే చెయ్యి పోతుంది. గోడ మీద రాసిన వరుస గుమ్మంలో అప్ప తల పైనే ఉంది, నాకు ఎదురుగా. నేను చీపురు అందుకుని ఊడవడం మొదలుపెట్టాను. దీన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎప్పుడైనా నేను మంచిదాన్నని నాకు అనిపిస్తే చదువుకోవడానికి.

పన్నెండో రోజు

అప్ప ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చేపల పొలుసు గీకుతోంది. పొలుసులు గాలికి లేచి ఎండలో మెరుస్తూ నీళ్ల మీద వాలుతున్నాయి.

“ఎందుకలా చెప్పావప్పా?”

“ఏటి సెప్పాను? నాకు మూడు పదుల ఏళ్లయింది ఆ సీకట్లో. ఎండ సూద్దామని సెప్పాను.”

“నువ్వు ఏడో రోజే గొట్టం చూసి తిప్పడం మానేశావు. నాకు తెలుసు.”

“గొట్టం గోడకుంటే ఊయలెలా తిప్పుతారే? గొడ్డుకీ తెలుస్తాది.”

“నాకు తెలీలేదు.”

“అది నీ సెయ్యి గనక తెలీనేదు. ఇంకోలదైతే తెలిసును.” కత్తి పక్కన పెట్టింది. “ఒకటి ఇను. ఏడుపు తరవాత. గాలివానొచ్చిన ఏడు సీసా ఒకటి అవతలి పక్కకి ఒరిగిపోనాది. అదీ సెయ్యే. రెండేపులా పసుపు. నాను పదమూడో రోజున సూసుకుని, సీసా తిప్పి పెట్టి, తప్పు పక్కన, సుక్క మాట ఇనపడనీకుండా, అడ్డుమందు ఉండ ఒకటి ఆనించినాను. మర్నాటికి ఆ అంచు నల్లబడిపోనాది. ఆ సెయ్యితోటే మన పేట కన్నోడు ఇయ్యాల వల అల్లుతున్నాడు. ఎల్లి లెక్కెట్టుకో ఏళ్లు.”

“బుడిపెలు వచ్చేశాయి కదప్పా.”

“బుడిపెలకేటి? కరిగి సర్దుకుంటాయి. మొదట కణం ఇంటాది, అంతే. ఇన్నంత మాత్రాన అయిపోదు. సుక్క పడ్డ గంట కాడినుంచి తొమ్మిది రోజులు ఆ సెవులు తెరిసే ఉంటాయి. ఆ పైన మూతలు బిగిసిపోతాయి. ఇంక దానికి పుట్టిన పిల్లకణాలూ అదే పాట పాడతాయి. తాత సెప్పినా ఇనవు.”

ఐదో రోజు పదకొండు గంటలు. తొమ్మిది రోజులు. వేళ్ల మీద లెక్క పెట్టాను, ఉన్న వేళ్ల మీద.

“నేను తిప్పానని చెప్పేస్తాను.”

“సెప్తే సెయ్యి పోతాది.”

“చెప్పకపోతే నువ్వు పోతావు.”

“నానెక్కడికి పోతానే పిచ్చిగుంటా, ఇక్కడే ఉంటాను, సేపలు గీక్కుంటా.” నవ్వింది గానీ, చూపు శాల వైపే ఉంది. ఆమె చేతుల మీదుగా నూట పన్నెండు చేతులు పెరిగాయి. వాటిలో కొన్ని ఎదురుపడితే ఇప్పటికీ ఆమెకు నమస్కారం పెడతాయి.

పదమూడో రోజు, పగలు

మీ కాగితం వచ్చింది. కరిగింపు రేపు మధ్యాహ్నం.

శాల ఊడ్చే వంకతో భూతద్దం తీసుకెళ్లాను. ఇనుప పట్టీ సందులోంచి చూశాను. చిటికెనవేలి అంచున పసుపు నిలకడగా, దీపంలా ఉంది. బొటనవేలి అంచున పసుపు రెపరెపలాడుతోంది. ఒక కణం వెలుగుతుంది, ఆరుతుంది, పక్కదాని వైపు చూస్తున్నట్టు ఆగుతుంది, మళ్లీ వెలుగుతుంది. అవి ఇంకా తేల్చుకోలేదు. ఒకదాన్నొకటి అడుగుతున్నాయి. వేలకు వేల కణాలు, అన్నీ నేనే, నేనేం కావాలని ఒకరినొకరు అడుగుతున్న ఊరిలా ఉంది అక్కడ.

పేట మెల్లగా తిరుగుతోంది. గుమ్మంలోంచి ఒక గీత ఎండ లోపలికి వచ్చి, నేల మీద పాకి, నా కాళ్ల దాకా వచ్చి వెళ్లిపోయింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నాకు నిద్ర రాలేదు, మెలకువా రాలేదు. నా లేని చేతి బొటనవేలు ఒకసారి కదిలింది.

తరవాత చీపురు పక్కన పెట్టి, ఇది రాయడానికి వచ్చాను.

పదమూడో రోజు, సాయంత్రం. మండలికి

చదివారు కదా. ఇప్పుడు వినండి.

ఊయల తిప్పింది నేను. ఎనిమిదో రోజు పొద్దున, నా ఎడంచేత్తో. దాలమ్మ తిప్పలేదు. నియమం మీరింది నేను, పదకొండో రోజు పిరికిదానిలా నోరు మూసుకున్నదీ నేనే. దాని శిక్ష నాకు వేయండి. శాలలోంచి తీసేయండి, మళ్లీ తాళ్ల దగ్గరికి పంపండి, ఒంటిచేత్తో చక్రం తిప్పమన్నా తిప్పుతాను.

కానీ గొట్టాలు గోడకు మార్చింది మీరు. ముప్ఫై ఏళ్లుగా రోజూ ఊయలలు తిప్పే మనుషులు ఆ గదిలో ఉన్నారని మీకు తెలుసు. తెలియకపోతే అది ఇంకా సిగ్గుచేటు. ‘ఇక తిప్పకండి’ అని రెండు మాటలు చెప్పడానికి మీకు నోరు రాలేదు. పదో రోజు నేను వచ్చి మొత్తుకుంటే మీ సూపర్‌వైజరు జోకు వేశాడు. తప్పు దిక్కులో ఉన్నదాన్ని తప్పు దిక్కులోనే బిగించి తాళం వేసి, ఇప్పుడది తప్పుగా పెరిగిందని కరిగిస్తామంటున్నారు. ఈ క్షణం కూడా ఆ గొట్టం అవతలి అంచు మీద చుక్కలు పోస్తూనే ఉంది. నేను తిప్పింది ఒక్కసారి. మీరు ఆరోజు నుంచి ఆపకుండా తిప్పుతున్నారు.

నాకు కావాల్సినవి ఇవి. ఇరవై ఏడో ఊయల తాళంచెవి. మందుల గదిలోంచి అడ్డుమందు ఉండ ఒకటి, మెంతిగింజంత. దాలమ్మప్ప శాలలోకి రావడానికి అనుమతి, ఎందుకంటే ఆ ఉండను ఎక్కడ ఆనించాలో ఈ పేటలో తెలిసిన చేతులు ఆమెవే. ఆమె మీద రాసిన వరుస కొట్టేసి, ఆ చోట నా పేరు రాసిన కాగితం. పని అరగంట. నేను గడప బయట నిలబడతాను, ఊయలను తాకను. మీ మనిషి కాపలా ఉండొచ్చు, భూతద్దం పట్టుకుని.

అప్పటికీ ఎనిమిది వేళ్లే వస్తే నేనే కరిగింపు గది దాకా మోసుకొస్తాను.

గడువు రేపు, పద్నాలుగో రోజు, పగలు పదకొండు గంటలు. ఇది నేను పెట్టిన గడువు కాదు, బతిమాలితే పెరగదు. ఆలోచించడానికి మండలి కూర్చోవాలంటే పది లోపల కూర్చోండి. పదిన్నరకు నేనూ దాలమ్మప్పా శాల గుమ్మంలో ఉంటాం. జవాబు కాగితం మీద అక్కర్లేదు, తాళంచెవి ఇచ్చి ఎవరినైనా పంపండి. పదకొండు దాటాక మీరు ఎంత మంచి జవాబు పంపినా, దాన్ని వినాల్సిన చెవులు మూసుకుపోయి ఉంటాయి.